నీలమ్మ ఫోన్లో చోటు లేదు

ఆదివారం రాత్రి

తుఫాను పోయింది గానీ కరెంటు ఇంకా రాలేదు. సిగ్నల్ వెతుక్కునే ఫోన్లు ఛార్జి తినేస్తున్నాయని, మా వీధిలో వంతుల వారీగా ఒక్క ఫోనే ఆన్ చేస్తున్నాం. వంతు ఉన్నవాళ్లు ఇసుక దిబ్బెక్కి, గుజరాత్ బోట్ల మీదున్న మగాళ్లు వీధి గ్రూపులో పెట్టినవన్నీ దించుకొస్తారు. కిందికొచ్చాక నెట్‌తో పని లేకుండా ఎవరివి వాళ్ల ఫోన్లోకి పంపేస్తారు.

ఈరోజు వంతు నాది. పక్కింటి నీలమ్మకి వాళ్లాయన వీడియో పెట్టాడు. అతనికి జ్వరమని తెలిసినప్పటి నుంచీ ఆమెకు తిండి సయించడం లేదు. తీరా పంపబోతే ఆమె ఫోన్లో చోటు లేదు.

"ఏదోటి తీసీయే నీలమ్మా," అన్నాను.

"ఏటి తీసీమంటావక్కా? అన్నింట్లోనూ మీ మరిదే ఉన్నాడు."

ఒక వీడియోలో వల బాగుచేస్తున్నాడు. ఇంకోదాంట్లో ఊరికే ఇటు చూస్తున్నాడు. అది తీసేద్దామని వేలు పెట్టి, మళ్లీ వెనక్కి తీసుకుంది. అంతలో నా ఫోన్ ఆరిపోయింది.

నా దాంట్లోనే చూపించేస్తే పోయేది. వంతు ఫోన్లో వీడియోలు చూడకూడదని మేమే కట్టుబాటు పెట్టుకున్నాం, ఛార్జి మిగలాలని.

"అందులోనే ఉంటాది కదక్కా?"

"ఉంటాది. ఎక్కడికెల్తాది."

ఇది రాస్తుంటే ఆమె మా అరుగు మీదే ఉంది, నా ఫోన్ ఒళ్లో పెట్టుకుని. అతను నవ్వాడో, మూలిగాడో నేనూ చూడలేదు. ఇంటికెళ్లి పడుకోమని ఏ మొహం పెట్టుకుని చెప్పను...