ఫిర్యాదులో పదకొండు బిస్మిల్లాలు

మన్సూరా,
బుధవారం.

అమ్మకు ఇన్షిరాహ్ సలాములు.

అల్లా దయవల్ల ఒళ్ళు బాగానే ఉంది. తల మాత్రం కోపంతో కుతకుతలాడుతోంది. నువ్వు పంపిన మిఠాయి అందింది, దారిలో సగం విరిగినా రుచి పోలేదు. మోకాలికి ఆ నూనె రాయడం మానేసి డాక్టరుకి చూపించుకో. "లైబ్రరీలో పని ఎలా సాగుతోందే?" అని అడిగావుగా. విను.

గుమ్మం పక్కన "ఈ వారం ఇది చదవండి" అనే బోర్డు నాది. దయ్యాల కథలకూ, మాయానగరాల కథలకూ, చుక్కల మీద కాపురాల కథలకూ సిఫార్సు రాసేది నేనే. భర్త పోయిన ఒక నర్సుకి, చంద్రుడి మీద ఒంటరిగా దీపం కాచేవాడి కథ ఇచ్చాను. తిరిగిస్తూ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అలాంటి అరలకు సోమవారం తాళం పడింది!

డైరెక్టర్ వగ్దీ గారు, నేను సిఫార్సు చేసిన ఒక పుస్తకం మీద వచ్చిన ఫిర్యాదు ఊపుకుంటూ వచ్చారు.

"ఇదేం గోలమ్మా ఇన్షిరాహ్? బావిలో బిస్మిల్లా ఉందట, స్నానాల గదిలో బిస్మిల్లా ఉందట, ఆఖరికి పిల్లని బిస్మిల్లా పెళ్ళాడిందట! దైవనామంతో వేళాకోళమా?"

నవ్వాపుకోలేక దగ్గాను. ఆయన ఫ్రెంచి బడిలో చదువుకున్న మనిషి. జిన్ను భూతాన్ని జిన్ను అంటే పిలిచినట్టే అవుతుందని భయపడి "బిస్మిల్లా" అని సరిపెట్టుకునే ఇళ్ళ మాట ఆయనకెక్కడ తెలుస్తుంది?

"సార్, అవి జిన్నులు," అన్నాను.

"అయితే మరీ ఘోరం! వచ్చేవారం గురువారం కమిటీ కూర్చుంటుంది. మూడు అరలూ గోడౌనుకి పోతాయి. నీ బోర్డు కూడా."

ఒక్క జిన్ను కథకి ఇంత శిక్షా? మధ్యలో చంద్రుడు చేసిన పాపమేమిటి? ఆ నర్సు రేపు వచ్చి ఇంకోటి ఇమ్మంటే నేనేం చెప్పాలి? మండిపడుతూనే ఫిర్యాదు లాక్కుని చదివాను. పదకొండు బిస్మిల్లాలు. ప్రతిదాని పక్కనా రక్ష కట్టినట్టు "మన గుమ్మానికి దూరం" అని. కింద సంతకం "ఒక తల్లి".

అమ్మా, ఆ దస్తూరీ నాకు తెలియదనుకున్నావా?

అన్నయ్య కూతురు రీహామ్ నా దగ్గర్నుంచి పట్టుకెళ్ళిన పుస్తకాన్ని దొంగచాటుగా చదివి, నాతో ఒక్క మాటైనా అనకుండా నా డైరెక్టరుకే రాస్తావా? "ఇది చదవమని రాసిన సిగ్గులేనిదాన్ని ముందు పంపెయ్యండి" అంటావా? నీకు తెలియదు గానీ, ఆ సిగ్గులేనిది నేనేనమ్మా!

ఇక అసలు సంగతి. మూడేళ్ళుగా నీకు చెప్పడానికి నోరు రాలేదు. పుస్తకం అట్ట మీద ఉన్న మగపేరు ఉత్తిది. రాసింది నేను. నా పుస్తకాన్ని నేనే సిఫార్సు చేసుకోవడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ అందులో కథ ఎవరిది? బట్టలు పిండుతూ నువ్వు నాకు చెప్పిందే. ఆ బావి మేనత్త పెరట్లోది. నువ్వు బిస్మిల్లా అన్నచోట నేను జిన్ను అన్నాను, అంతే. నీ కథ మీద నువ్వే ఫిర్యాదు చేశావు.

ఇంకొకటి. కాగితం వెనక చిన్న అక్షరాలతో ఏం రాశావు? "ఇంతకీ ఆ పిల్ల బావిలోంచి బయటికొచ్చిందా? చివరి రెండు పేజీలు ఎవరో చింపేశారు." డైరెక్టరు గారు వెనక్కి తిప్పి చూడలేదు. నేను చూశాను. కోపంలోనే ఏడుపొచ్చింది.

వచ్చేవారం గురువారంలోగా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని రెండు ముక్కలు రాయి. ఈసారి నీ పేరు పెట్టు. పెట్టకపోతే పండక్కి కూడా రాను, చెప్తున్నా.

చిరిగిన ఆ రెండు పేజీలూ నా చేత్తో రాసి ఇందులో పెడుతున్నాను. నువ్వు భయపడకుండా చదువుకోవాలని, జిన్ను అన్నచోటల్లా బిస్మిల్లా అనే రాశాను.

ఇట్లు,
నువ్వు పంపెయ్యమన్న సిగ్గులేనిది,
నీ కూతురు
ఇన్షిరాహ్