చెప్పినవారు: అక్క

దేవనహళ్ళి,
ఫిబ్రవరి 3

ప్రియమైన అక్కా,

పదిసార్లు ఫోన్ చేసినా, నువ్వు ఎత్తలే. అందుకే రాస్తా ఉండా. మా గోడౌన్ వ్యాన్ తోలే బసవరాజు రోజూ కాటన్‌పేట మీదనే పోతాడు. జవాబు వాని చేతికే ఇయ్యి.

రిపోర్టు వచ్చింది. ఫోర్క్‌లిఫ్ట్ ట్రైనింగ్‌కి ముందు కంపెనీవాళ్ళు బుర్ర టెస్టు చేయించినారు కదా, నువ్వు కూడా వచ్చి నా చిన్నప్పటి సంగతులు చెప్పినావే, అదే. "పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ. యంత్రాలు నడపరాదు" అని ఉండాది. మూడేండ్లుగా పెట్టెలు మోస్తా ఉండా అక్కా. భోజనాల టైములో ఎవరూ చూడనప్పుడు ఆ బండిని సందుల్లో ముందుకీ వెనక్కీ తిప్పినోణ్ణి. గోడకి ఒక్క గీత పడనియ్యలే.

ఎందుకిట్ల రాసినారని డాక్టరు జరీనా మేడమ్‌ని అడిగితే రెండో పేజీ చూపించింది. "ఆరేళ్ళ వయసులో మాటలు సరిగా రావు. పెన్సిల్ పట్టలేడు. తరగతిలో నిక్కరు తడిపేవాడు. ఒకటో తరగతి రెండేళ్ళు." దాని కింద "చెప్పినవారు: అక్క".

టెస్టు మార్కులు మార్చేది లేదంది. ఎనిమిదిలో బడి వదిలినోనికి మార్కులు తగ్గడం వింత కాదంట. "పుట్టుకతోనే" అనే మాట మాత్రం నువ్వు చెప్పినదాని మీదనే నిలబడి ఉండాదంట. తప్పుంటే చెప్పిన మనిషే వచ్చి సంతకం పెట్టాలంట. ఇరవయ్యో తేదీ దాటితే నా సీటు ఇంకొకనికి.

ఏదో తికమకలో చెప్పింటావు. వచ్చి తప్పని చెప్పు. అంతే అక్కా.

నీ తమ్ముడు,
మునిరాజు

కాటన్‌పేట,
ఫిబ్రవరి 6

ప్రియమైన మునీకి,

ఉత్తరం అందింది. బసవరాజుతో పులిహోర పంపుతున్నా, దారిలో వాడే తినేయకుండా చూసుకో.

నేను చెప్పినదాంట్లో జరగనిది ఏదీ లేదురా. నీకు మాటలు రాలేదు. పెన్సిల్ పట్టలేదు. నా క్లాసు వదిలి వచ్చి నీ తడి నిక్కరు నేనే మార్చేదాన్ని. జరిగినదాన్ని జరగలేదని ఎట్లా సంతకం పెట్టేది? బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే టీచరుని నేను. నీకు ఆ బండి పని కాకుంటే ఇంకో పని. కుందలహళ్ళిలో సెక్యూరిటీ ఉద్యోగం ఉందని మీ బావ అంటున్నారు.

ఒళ్ళు జాగ్రత్త.

నీ రంజితక్క

దేవనహళ్ళి,
ఫిబ్రవరి 11

అక్కకి,

పులిహోర నేను తినలే. బసవరాజుకే ఇచ్చేసినా.

మళ్ళీ మేడమ్ కాడికి పోయినా. "చిన్నప్పుడు నిన్ను చూసినోళ్ళు ఇంకెవరన్నా ఉన్నారా?" అని అడిగింది. అమ్మ పోయిందని చెప్పినా. మిగిలింది నువ్వే.

రిపోర్టు మా సూపర్‌వైజర్ లలిత్ చదివినాడు. "ఏమప్పా మునిరాజూ, కుడి చెయ్యేదో తెలుసు గదా?" అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా.

బడిలో మొద్దు అంటే సుమ్నే ఊరుకున్నా. అది నోటి మాట. ఇది కాగితం అక్కా, సీలు ఉండాది. ఇప్పుడు నాకే అనుమానం వస్తా ఉండాది. ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపినా. ఇది తెలివి తక్కువోడు రాసినట్టు ఉండాదా అని ప్రతి లైనూ మళ్ళీ చదువుకుంటా ఉండా.

నువ్వు టీచరమ్మవి. ఒక్కటి చెప్పు. నేను నిజంగా అట్లనే పుట్టినానా? అవునంటే అవునని రాయి. ఇంక నిన్ను ఏమీ అడగను.

మునిరాజు

కాటన్‌పేట,
ఫిబ్రవరి 17

నా బంగారు మునీ,

అన్నీ నిజమే. ఒక్కటే అబద్ధం. నీకప్పుడు ఆరేళ్ళు కాదు, నాలుగు.

అమ్మ తెల్లారకముందే గార్మెంట్స్‌కి పోయేది. నిన్ను చూసుకోవడానికి నన్ను బడి మానేయమంది. నేను ఎనిమిదిలో ఉన్నా. నిన్ను చంకనేసుకుని మా బడికే తీసుకుపోయి, వీడికి ఆరు నిండినాయని టీచరమ్మకి చెప్పినా. అందరికీ రాసినట్టే పుట్టినరోజు జూన్ ఒకటి అని రాసేసింది. నీకన్నా రెండేళ్ళు పెద్ద పిల్లల మధ్య నువ్వు బెంచీ మీద నిద్రపోయేవాడివి. నేను పాసవుతూ పోయినా. నిన్ను మొద్దన్నారు.

టీచరునయ్యాక నాలుగేళ్ళ పిల్లలు ఎట్లుంటారో రోజూ చూసినా. అప్పుడైనా చెప్పలేదు. మేడమ్ అడిగినప్పుడు కూడా నోట్లోంచి ఆరనే వచ్చింది. నీ ఫోన్ మోగితే ఎత్తకుండా పక్కన పెట్టేదాన్ని.

ఆస్పత్రిలో ఇచ్చిన నీ పుట్టిన చీటీ నా దగ్గరే ఉంది. రేపు పదింటికి మేడమ్ క్లినిక్ ముందు ఉంటా. నాతో మాట్లాడకపోయినా సరే, రా.

రంజిత

దేవనహళ్ళి,
ఫిబ్రవరి 19

ప్రియమైన అక్కా,

నిన్న నువ్వు బస్సెక్కేదాకా నా మొహమే చూస్తా ఉంటివి. నాకు మాటలు రాలే, ఇరవై రెండేళ్ళకి కూడా.

నువ్వు సంతకం పెట్టి పోయినాక మేడమ్ "పుట్టుకతోనే" అనే మాట కొట్టేసింది. యంత్రాల సంగతి మళ్ళీ టెస్టు పెట్టి చెప్తానంది. అంతదాకా ఆగమని కంపెనీకి చీటీ రాసిచ్చింది. ఆగుతారో లేదో తెలీదు.

దిద్దుబాటు ఫారంలో ఒక గడి ఉండాది: తప్పు ఎందుకు జరిగింది? "అక్క అబద్ధం చెప్పిందని రాయాల్నా?" అని మేడమ్ అడిగింది. నేనే రాస్తానని పెన్ను తీసుకున్నా. చానా సేపు పట్టింది. ఒకే లైను రాసినా:

"చెప్పిన మనిషికి అప్పుడు పదమూడేళ్ళు."

మేడమ్ చదివింది. ఒక్క అక్షరం దిద్దలే.

ఈసారి పులిహోర పంపు. బసవరాజుకి వేరేగా కట్టు.

నీ తమ్ముడు,
మునీ