పొందిక అనుకున్నాను

చిరంజీవి సౌభాగ్యవతి మమతకు, మీ నాయన దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరమూ నడుస్తూ తిరుగుతూ ఉన్నాము. కుప్పంలో నీవూ, అల్లుడూ, సాయీ అట్లే ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అంది పది రోజులైంది. నాకు ఫోన్‌లో మాట రాదని నీవు ఇంకా ఉత్తరాలు రాస్తున్నావు. అడిగినవాటికి వరసగా చెబుతాను. మోకాలి నొప్పి తగ్గింది. నీవు పంపిన నూనె రాస్తున్నాను. టమాటా కాపు బాగుంది కానీ వానకు కాయ పగులుతోంది. ఎర్రావు ఈనింది. పెయ్యదూడ.

ఇంక ఆ మాట సంగతి. మీ బళ్లో పిల్లలకు 'హార్మొనీ' అనే మాట గురించి చెప్పాలి, తెలుగులో ఏమంటారు నాయనా అని అడిగావు. టీచరమ్మకు ఇది కూడా తెలియదా, మన అటక మీద ఉండేదే కదా అనుకున్నాను. నేను భజనలో వాయించిన పెట్టెను ఊరంతా హార్మోని అనే కదా అనేది. దాన్ని దించి, దుమ్ము తుడిచి, నొక్కే మెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాద్దామని కూర్చున్నాను. అప్పుడే పావని అంగళ్లు ఊళ్లోని కాలేజీ నుంచి వచ్చింది. మీ అన్న కూతురికి నా తప్పు దొరికితే పండగ.

"తాతా, అత్త అడిగింది పెట్టె కాదు. నువ్వు మెట్లు లెక్కబెట్టి పంపిస్తే ఆడ పిల్లోళ్లు నవ్వుతారు" అంది.

"మరేందే?"

"అది గ్రీకోళ్ల మాట. మొదట్లో వడ్రంగం పనిదంట. పడవలు సేసేటప్పుడు సెక్కకు సెక్క సందు లేకుండా అతికేదాన్ని అట్ల అనేటోళ్లంట. ఆ తర్వాత పాటల్లోకి వచ్చిండాది. మనుషులు కలిసిమెలిసి ఉండేదానికీ అదే."

"తెలుగులో?"

"సామరస్యం."

"నాకు నోరు తిరగదు. యాడిదే ఆ మాట?"

"సమ, రసం. రసం అందరికీ సమంగా ఉండేది."

"అట్లయితే అది మీ అవ్వ దగ్గర ఉన్నింది. చారు పోస్తే ఒకరికి ఎక్కువా లేదు, ఒకరికి తక్కువా లేదు" అన్నాను.

అది నవ్వింది. నాకు మీ అమ్మ గరిటె పట్టుకున్న చెయ్యి కనిపించింది. నవ్వలేకపోయాను.

తర్వాత తీరిగ్గా ఆలోచించాను. మన దగ్గర 'పొందిక' అనే మాట ఉంది. మీ తాత తలుపు చేయించేటప్పుడు వడ్రంగి చెక్కను పెట్టి చూసి, "ఇంకా పొందిక కుదర్లేదప్పా" అని మళ్లీ చిత్రిక పట్టేవాడు. పొందు అంటే కలయికే కదా. అతుకు కుదిరితే పొందిక. గ్రీకు వాళ్ల మాట, మన మాట ఒకే పనిలోంచి వచ్చినట్టున్నాయి. ఇది నా ఊహ. బళ్లో చెప్పేముందు తెలిసినవాళ్లను అడుగు.

పెట్టె ఎట్లాగూ దించాను కదా అని పుంగనూరుకు తీసుకుపోయాను. అందులో ఒక మెట్టు నొక్కితే పలకదు. పెట్టెలు బాగుచేసే ముసలాయన విప్పి చూశాడు. గాలికి పలికే రేకు, రీడు అంటారే, దానిలో దుమ్ము పట్టి బిగిసిపోయి ఉంది.

"పలక్కపోతే పోనీలే. తప్పు స్వరమైతే పలకలేదు కదా" అన్నాను.

ఆయన అద్దాల మీద నుంచి నన్ను చూశాడు. "బాగా సెప్పినావు పెద్దాయనా! ఇది నోరు మూసుకుంటాది. నువ్వు పాట ఆగకూడదని పక్క మెట్టు నొక్కుతావు. ఇనేటోళ్లు ఆ పక్కదాన్ని తిడతారు. దీన్ని ఎవురూ ఏమీ అనరు" అన్నాడు.

బస్సులో ఇంటికి వచ్చేదాకా ఆ మాట నన్ను వదల్లేదు.

నీ ఉత్తరం చివర రాసినదానికి ఇంతవరకూ బదులు చెప్పలేదు. వచ్చే నెల అమ్మ మూడో ఏటి తద్దినానికి రానన్నావు. అమ్మ చివరి చూపు లేకుండా చేసిన అన్న ఉండే ఇంట్లో కాలు పెట్టనన్నావు. ఆ పని చేసింది మునిచంద్ర కాదమ్మా. నేను.

మదనపల్లె ఆసుపత్రిలో అమ్మను మధ్యాహ్నమే చేర్చాము. మీ అన్న నీ నెంబరు తీసి ఫోన్ నా చేతిలో పెట్టాడు. "నాయనా, నేను డాక్టరు దగ్గరికి పోతాండా. మమతకు ఫోన్ సెయ్యి. వెంటనే బయల్దేరమను" అని పోయాడు.

నేను చేశాను. నీవు ఎత్తావు. "నాయనా! నువ్వే సేసినావా? ఈ పొద్దు వాన పడతాది సూడు!" అని నవ్వావు. అది సాయి పుట్టినరోజు. వెనక పిల్లలు గోల చేస్తున్నారు. ఆ నవ్వు మీద ఆ మాట ఎట్లా వేయాలో నాకు తెలియలేదు. "ఊరికే సేసినానమ్మా" అని పెట్టేశాను. కాసేపాగి చేద్దామనుకున్నాను. చేయలేదు. మీ అన్న వచ్చి అడిగితే, "సెప్పినా, వస్తాంది" అన్నాను. మీ అమ్మ అడిగినా అదే చెప్పాను. సాయంత్రమంతా తలుపు వైపే చూసింది. "పాపకు బస్సు దొరికిందో లేదో" అంది. తెల్లవారేటప్పటికి పోయింది.

పోయిన కబురు విని నీవు వచ్చి, "నాకు నిన్ననే యాల సెప్పలేదు?" అని మీ అన్న చొక్కా పట్టుకున్నావు. వాడు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. వాడికి అర్థమైంది. "మర్సిపోయినా" అన్నాడు. ఆ ఫోన్ సంగతి నీవు తర్వాత అడిగితే, అప్పటికి అమ్మ బాగానే ఉందని నీకూ అబద్ధం చెప్పాను.

ఆ రోజు నుంచి మన ఇంట్లో ఎవరూ గొంతు పెంచలేదు. నీ పేరు ఎత్తితే వాడు లేచి చేనికి పోతాడు. నేను దాన్నే పొందిక అనుకున్నాను.

ఉత్తరం రాస్తానని నిన్న వాడితో చెప్పాను. "ఇప్పుడు యాల నాయనా? అమ్మ పోయింది. నేను సెడ్డోన్ని అయినా. పుట్టింట్లో దానికి నువ్వొకడివన్నా మిగలాల గదా" అన్నాడు. మూడేండ్లలో వాడు దీని గురించి అన్నది ఈ ఒక్క మాటే. వాడికి ఇవ్వకుండా ఈ ఉత్తరం నేనే పోస్టు డబ్బాలో వేస్తాను.

నీకు కోపం వస్తుంది. రావాలి. నన్ను క్షమించమని అడగడానికి రాయలేదు. తద్దినానికి రానంటే బలవంతం చేయను. కానీ అమ్మా, మానుకుంటే నా మీద కోపంతో మానుకో. వాడి మీద కోపంతో మాత్రం ఆగిపోవద్దు.

ఇట్లు,
నీ నాయన
నారాయణప్ప