అద్దెకొచ్చిన మిషను

జూన్ 9
మా ఆవిడ సూర్యకళకు ఎడమ చెవి కింద గడ్డ. క్యాన్సర్ కాదు, కానీ తీసెయ్యాలి. ముఖాన్ని కదిలించే నరం దాన్ని ఆనుకునే పోతుందట. తెగితే కన్ను మూతపడదు, మూతి వంకర. ఒకటో తరగతి పిల్లలకు పాఠం చెప్పే ముఖం అది. భయపడకండి సార్, నర్వ్ స్టిమ్యులేటర్ ఉంది, నరానికి తాకిస్తే ముఖం అదురుతుంది, చూసుకుని తప్పిస్తాం అన్నారు డాక్టర్ యుగంధర్ గారు. మరి మిషనే తప్పు చెబితే? అన్నాను. నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

జూన్ 12, ఉదయం
మిషను ఆసుపత్రిది కాదు. అద్దెది! నిన్న కాకినాడ, ఇవాళ రాజమండ్రి, రేపు భీమవరం. పెళ్ళిళ్ళకు మైకుసెట్టు తిరిగినట్టు తిరుగుతోంది. ఆఖరుసారి ఎవరు టెస్ట్ చేశారయ్యా అంటే, కంపెనీ వాళ్ళు చూసుకుంటారండి అన్నాడు తెచ్చిన గంగరాజు. కంపెనీకి ఫోన్ చేస్తే హాస్పిటల్ వాళ్ళు చూసుకుంటారండి! ఆటోకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారు. మనిషి నరానికి పెట్టే కరెంటుకు అడిగేవాడు లేడు. వార్డంతా వినేలా అరిచాను.

అదే రోజు, మధ్యాహ్నం
ఆపరేషన్ వాయిదా. నా వల్లేనట. రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టని సూర్యకళ, ముఖం నాదండీ, మీటింగు మాత్రం మీదా? అంది. 

జూన్ 19
అదే మిషను. కొత్త బ్యాటరీలు. ఇవాళ డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పారు. వైరు ఊడినా అది పలకదట, కండరాలు సడలించే మందిచ్చినా పలకదట. అందుకే పలకనంత మాత్రాన నరం కాదని కొయ్యం సార్, ముందు కంటితో వెతుకుతాం అన్నారు. ఈ మాట మొదటి రోజే చెప్పడానికేం రోగం?

సాయంత్రం
గడ్డ పోయింది. చివర్లో మిషను తాకిస్తే నరం బ్రాంచీలన్నీ రెస్పాండ్ అయ్యాయట. సూర్యకళ ఎడమ కన్ను మూతపడడం లేదు. నుదురు పలకలా ఉంది. తాగించిన నీళ్ళు చెంప మీదుగా కారాయి. ఏంటండీ ఇది అంటే, నరం వాచింది, తెగలేదు, మిషను పలికింది కదా సార్, నెలలు పట్టొచ్చు అన్నారు. పలకనప్పుడు నమ్మకూడదు. పలికినప్పుడు నమ్మాలి. బాగుంది!

ఆగస్టు 3
రాత్రి కంటికి టేపు, స్కూలుకు మాస్కు. మాస్కు తీస్తే టీచరు నవ్విందో కోప్పడిందో తెలియక పిల్లలు బిక్కమొహం వేస్తున్నారట. అద్దం ముందు ఎక్సర్‌సైజులు చెయ్యమంటే చెయ్యదు, అద్దమే చూడదు. నేను అద్దె మిషన్ల మీద ఎనిమిది పేజీల వ్యాసం రాశాను. చదివి, ఇందులో నేనెక్కడున్నానండీ అంది.
పంపలేదు.

ఆగస్టు 30
కదలిక లేదు.

సెప్టెంబర్ 21
మొగల్తూరులో ఉన్న సూర్యకళ వాళ్ళ అన్నయ్యను కావాలనే ఆవిడ ముందే తిట్టాను. ఎడమ కనుబొమ్మ లేచింది.
మళ్ళీ తిట్టాను.