గొర్రెపిల్ల సమాధికి పోయే దారి

నేను, అహ్మద్ పాషా, కాలం చేసిన ఖాసిం సాహెబ్ కొడుకును, వయసు డెబ్బై నాలుగు, వృత్తి రాతిపని, నివాసం బూర్గంపాడు మండలం దొరలగుంపు, ఈ వీలునామా నా ఇష్టంతో రాయిస్తున్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. బుద్ధి సరిగ్గానే ఉంది. సుత్తి మోతకు ఎడమ చెవి పోయింది గాని, వీలునామా రాయడానికి ఒక చెవి చాలునని వకీలు చెప్పాడు.

1. నా ఇల్లు, పని షెడ్డు నా తరువాత నా కొడుకు అతీక్‌కు, కూతురు షబ్రీన్‌కు చెందుతాయి. ఎవరి వాటా ఎంతో షరియత్‌లోనే ఉంది, నేను కొత్తగా రాసేదేమీ లేదు. అయితే ఆస్తిలో మూడో వంతు మించకుండా వారసులు కానివాళ్లకు రాసే హక్కు నాకుంది. ఈ కాగితం దాని కోసమే.

2. నా ఇంటి పక్కనుంచి వెనక చర్చి తోట గోడ దాకా ఉన్న ఖాళీ జాగా మూడో వంతు కంటే తక్కువేనని కొలిపించి చూసుకున్నాను. దాన్ని తండాలో ఉండే రామ్‌సింగ్ భార్య సోమ్లికి ఇస్తున్నాను. నా సగం జీవితం నాతో తగాదా పడిన సోమ్లికే. పేరు తప్పు పడిందని ఎవరూ అనుకోవద్దు.

ఆ తగాదా సంగతి కూడా రాయాలి. చర్చి తోటలో తెల్లదొరల సమాధులున్నాయి. కాలువ పనికి వచ్చిన ఇంజనీర్లవి, అడవి ఆఫీసర్లవి, వాళ్ల ఆడవాళ్లవి, పిల్లలవి. ఆ రాళ్లు చెక్కింది మా తాత. ఇంగ్లీషు అక్షరం ఒక్కటి రాకపోయినా కాగితం మీద ఎట్లా రాసిస్తే అట్లా చెక్కాడు. మేబెల్ అనే రెండేళ్ల పాప జ్వరంతో పోతే, రాయి మీద గొర్రెపిల్లను చెక్కమన్నారు. దానికి మాత్రం బొమ్మ గీసివ్వలేదు. వాళ్ల దేశంలో గొర్రెకు ఒళ్లంతా ఉన్ని ఉంటుందని మా తాతకేం తెలుసు? మన గొర్రెనే చెక్కాడు. పొడుగు కాళ్లు, వేలాడే చెవులు, నున్నటి ఒళ్లు. పాప తల్లి దొరసాని చాలాసేపు చూసి, చెవి నిమిరి పోయిందట.

తండావాళ్లు దాన్ని మేకపిల్ల అనుకున్నారు. పిల్లలకు జ్వరమొస్తే వచ్చి దాని చెవులకు నూనె రాసి పోతారు. రాయి పాడవుతుందని నేను, జ్వరం తగ్గుతుందని సోమ్లి. అది మేక కాదు, గొర్రె అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెది ఒకటే మాట: "నువ్వు రాళ్లు కొట్టినవ్ పాషాభాయ్, నేను మ్యాకలు కాసిన. ఏది మ్యాకనో నాకెరుక." రాళ్లు కొట్టేవాడికి తెలియదట. అది గొర్రెపిల్లే.

3. చర్చి ముందున్న గేటునూ దారినీ గోదావరి వరద కోసుకుపోయింది. అప్పటి నుంచి సమాధుల దగ్గరికి పోవాలంటే నా జాగాలోంచే పోవాలి. అతీక్ ఆ జాగాను షట్టర్ల కొట్లు కట్టుకునే ఒక సేటుకు తెల్లకాగితం మీద అమ్మడానికి మాట్లాడి పెట్టాడు. ఆ కొట్లు లేస్తే లోపలికి పిట్ట కూడా నడిచి పోలేదు. ఇది ఏజెన్సీ భూమి, గిరిజనులు కానివాళ్లకు అమ్మరాదు. సోమ్లి గిరిజనురాలు గనుక ఆమెకు రాయడానికి చట్టం అడ్డం రాదు. అతీక్ బేరానికి మాత్రం వస్తుంది.

షరతులు రెండు. ఆ దారిని ఎవరికీ మూయరాదు, ఆదివారం వచ్చే చర్చివాళ్లతో సహా. జ్వరమున్న పిల్లను ముందు దవాఖానాకు, ఆ తరువాతే గొర్రెపిల్ల దగ్గరికి తీసుకుపోవాలి. రెండోది నర్సు పని చేస్తున్న షబ్రీన్ పెట్టించింది.

4. మిగతా వారసులు ఒప్పుకుంటే నా పెద్ద సుత్తి అతీక్‌కు ఇవ్వాలి. అతనికి కొత్తగూడెంలో మెషిన్‌తో గ్రానైటు మీద ఫోటోలు గీసే దుకాణం ఉంది. బాగానే బతుకుతున్నాడు, సంతోషం. కాని చర్చి తోటలో సగానికి విరిగినట్టుండే స్తంభం ఒకటుంది. చిన్న వయసులో పోయిన ఇంజనీరుది. అది విరగలేదు, విరిగినట్టు చెక్కిందే. అతీక్ ఒకసారి పుణ్యానికి పోయి దానికి సిమెంటుతో పై సగం పోశాడు. దాన్ని రాయికి దెబ్బ తగలకుండా తీయడానికి నా నడుము పోయింది. ఇకమీదట ఆ సమాధుల్లో దేన్నీ అతను బాగుచేయరాదు. నా సమాధికి కూడా ఫోటో గ్రానైటు వద్దు, మట్టి చాలు.

5. షబ్రీన్‌కు సన్న ఉలి. మా తాత ఆ గొర్రెపిల్ల చెవులు తీసింది దానితోనే. షబ్రీన్‌కు నాలుగో ఏట జ్వరం ముదిరితే, నా భార్య బేగం నాకు చెప్పకుండా సోమ్లితో తోటలోకి పోయింది. తిరిగొచ్చాక చేతులు నూనె వాసన వేశాయి. నేను అడగలేదు. పిల్ల కోలుకుంది. మరుసటి వారం కూడా సోమ్లిని ఎప్పటిలాగే తిట్టాను.

బేగం మీద నాకు చాలా ప్రేమ. ఆమెకు ఎన్నడూ చెప్పలేదు, అందుకే ఇక్కడ రాయిస్తున్నాను. ఆమె పోయిన రోజు సోమ్లి నూనె సీసాతో వచ్చి, లోపలికి పోకుండా సాయంత్రం దాకా మా వాకిట్లోనే కూర్చుంది. సీసా మరిచిపోయి వెళ్లింది. మరునాడు ఆ నూనె గొర్రెపిల్ల చెవులకు నేనే రాశాను. ఈ సంగతి సోమ్లికి ఈ కాగితం చదివినప్పుడే తెలుస్తుంది.

6. దీన్ని అమలు చేసే బాధ్యత రిటైర్డు టీచరు రామ్‌చందర్ గారిది. మా ఇంట్లో ఎవరి మీదా ఆయనకు ప్రత్యేకమైన అభిమానం లేదు, అందుకే ఆయన్ను అడిగాను.

7. సోమ్లికి ఇచ్చిన జాగా హద్దులు. హద్దులకు జనం పిలిచే పేర్లే రాయాలని, లేకపోతే రేపు ఎవరైనా కోర్టుకెక్కితే దారి పోతుందని వకీలు గట్టిగా చెప్పాడు. ఒక పూట ఆలోచించి ఒప్పుకున్నాను.

తూర్పు: అహ్మద్ పాషా ఇల్లు
పడమర: కాలువ గట్టు
దక్షిణం: బజారు రోడ్డు
ఉత్తరం: మేకపిల్ల సమాధి

బూర్గంపాడు, 2025 నవంబరు 14, శుక్రవారం.

సంతకం: అహ్మద్ పాషా

సాక్షులు:
ముస్తకీమ్, దర్జీ, బూర్గంపాడు
బలరాం, పోస్ట్‌మ్యాన్, దొరలగుంపు