కిన్నెర మీది పిట్ట

నల్గొండ జిల్లా తిరుమలగిరి నివాసి, జక్కుల మల్లయ్య కుమారుడు కాటమయ్య, వృత్తి గొర్రెల పెంపకం, వయసు అరవై ఎనిమిది, స్వహస్తంతో రాసుకున్న వీలునామా. దగ్గు తప్ప నాకు జబ్బు లేదు. తెలివి సరిగా ఉంది. ఎవరూ బలవంతపెట్టలేదు. బడికి పోయినవాణ్ణి కాను, అక్షరాలు సొంతంగా నేర్చుకున్నాను. అక్షరదోషాలుంటే దిద్దండి, అర్థం మాత్రం మార్చవద్దు. దీన్ని అమలు చేయవలసినవాడు నా బావమరిది ఐలేశం.

1. ఇల్లు నా భార్య సోమమ్మ బతికి ఉన్నంతవరకు ఆమెది. కొత్త గొంగడి కూడా ఆమెకే. చలి పెడుతున్నా ఆమె అడగదు.

2. మంద, చెలక భూమి నా ఒక్క కొడుకు గోపయ్యకు సర్వహక్కులతో చెందుతాయి.

3. బావిలో సగం వాటా ఎప్పటిలాగే తమ్ముడు దశరథానిది. మోట దగ్గరి తగువు నుంచి అతను నాతో మాట్లాడడు. నీళ్లకు దానితో సంబంధం లేదు. నా పాడె మోయమని అతన్ని ఎవరూ బతిమాలవద్దు. తానే వస్తే అడ్డం చెప్పవద్దు.

4. కిన్నెర.

పాలమూరు నుంచి ఏటా మా ఊరికి వచ్చే కిన్నెర మారయ్య పేరు ఈ రెండు జిల్లాల్లో తెలియనివారు లేరు. ఆయన కిన్నెర కొసన చెక్కపిట్ట ఉంటుంది. వాయిస్తుంటే అది తల ఊపేది. దాని మెడ నుంచి ఆయన వేలికి సన్నని దారం ఉండేది. పెద్దలకు తెలుసు. పిల్లలు మాత్రం దానికి ప్రాణముందని నమ్మారు.

నిరుడు గోపయ్య బిడ్డ ఉప్పలమ్మ జ్వరంతో పడి ఉన్న సాయంత్రం మారయ్య మా ఇంట్లోనే ఉన్నాడు. పిల్ల ఏడుస్తుంటే పక్కన కూర్చుని, “పండుకో బిడ్డా. పిట్ట లేసే యాళ్లకు నువ్వు గూడ లేస్తవు” అన్నాడు. తెల్లవారి పక్షులు లేచే వేళ అని ఆయన అర్థం. తెల్లవారింది. జ్వరం తగ్గింది. పిల్ల లేవలేదు. కాళ్లు ఇక రావని హైదరాబాదు దవాఖానలో చెప్పారు.

మారయ్య ఆ ఎండాకాలమే పోయాడు. సంతానం లేదు. కిన్నెర నాకు ఇమ్మన్నాడట. దారం తెగి ఉంది, పిట్ట కదలదు. మారయ్య అన్నది ఈ పిట్టనేనని, అది నిద్రపోయిందని, లేచిననాడు ఉప్పలమ్మ లేస్తుందని వాడ పిల్లలు అంటారు. దాని ముందు జొన్నగింజలు పోస్తారు. “ఓ మొద్దుపిట్టా, ఎంతసేపు పండుకుంటవే? మా ఉప్పి ఆటకు రావాలె, లే!” అని తిడతారు. ఉప్పలమ్మ నవ్వుతుంది. పొద్దున్నే నన్ను అడుగుతుంది: “తాతా, పిట్ట లేసిందా?” “ఇంకా లేవలే బిడ్డా” అంటాను. అంతకు మించి నాకు చేతకావడం లేదు.

దారం కట్టడం నాకు వచ్చు. కడితే పిట్ట తల ఊపుతుంది, పిల్ల లేవబోయి పడుతుంది. కట్టకపోతే ఎదురుచూస్తుంది. “ఉన్నదున్నట్టు చెప్పరాదా?” అంటుంది సోమమ్మ. “నువ్వు చెప్పు” అంటే, “నాకు నోరు రాదు” అని లోపలికి పోతుంది.

కనుక కిన్నెర ఉప్పలమ్మకు. ఎవరూ అమ్మరాదు, దారం కట్టరాదు, గింజలు పోసే పిల్లలను కసరరాదు. పిట్ట మెడ కింద దారం దూర్చే చిన్న బెజ్జం ఉంది. ఏదో ఒకనాడు అది ఆమె వేలికి తగులుతుంది. ఎందుకని అడుగుతుంది. ఆ రోజు గోపయ్య మందకు పోకుండా ఆమె పక్కన కూర్చోవాలి. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. తెలిస్తే ఇక్కడే రాసి ఉండేవాణ్ణి.

ఇంతకు మించి నేను ఇవ్వగలిగింది లేదు.

తిరుమలగిరి, 11-2-1963
(సంతకం) జక్కుల కాటమయ్య

సాక్షులు:
కిష్టయ్య, పక్కింటివాడు (సంతకం)
భద్రమ్మ, మంత్రసాని (వేలిముద్ర)