హఫర్ ఎడారిలో ఉగ్గాని

చెల్లెలు షంషాద్‌కు అక్క దీవెనలు.

సౌదీకి బొరుగుల మూట మోసుకుపోతే నవ్వుతారన్నావు. నవ్వారు, మొన్నటిదాకా. సెలవులకు కారవాన్ బాడుగకు తీసుకుని హఫర్ అల్ బాతిన్ ఎడారిలో దిగాం. కోడలు నిఖత్ పూటపూటకీ వంటలు డబ్బాల్లో సర్ది, "అమ్మీ, మీరు ఊరికే కూర్చోండి" అంది. కూర్చున్నాను. అందరూ ఫోన్లు ఛార్జింగుకు పెట్టేసరికి బండి బ్యాటరీ పడుకుంది, ఫ్రిజ్జులో వంటలన్నీ పాచిపోయాయి. పిల్లలు ఆకలని ఏడుపు. బొరుగులు తడిపి, గ్యాసు మీద తిరగమోత పెట్టి, ఉగ్గాని చేశాను. గిన్నె కడగక్కర్లేకుండా ఊడ్చారు. ఇప్పుడు వంటపెత్తనం నాదే.

మోకాలికి నూనె రాస్తున్నావా? మీ వీధి బాబావలి నెలాఖరుకు మేముండే ఖోబర్‌కు వస్తాడట. బట్టీలో కొత్త బొరుగులు కొని, నలగకుండా రేకుడబ్బాలో పోసి అతనికివ్వు. అడిగింది నేను కాదు, నిఖత్.